ముడి మీద నిలబడ్డ దేవుడు

కనుమ నాడు మధ్యాహ్నం దాటేసరికి మా కోనసీమలో ఎగువ కౌశిక ఏటి గట్టు మీద కాలు పెట్టే చోటుండదు. డాబాల మీద ఆడవాళ్లు, పిల్లలు. కొబ్బరిచెట్టెక్కి మట్ట పట్టుకు కూర్చున్న కుర్రాళ్లు. అందరి చూపూ అవతలి గట్టు మీదే. ముందు డప్పులు వినబడతాయి. తర్వాత గంటలు. ఆ తర్వాత వరిచేల మీదుగా ఎర్రగా, పచ్చగా ఏదో ఊగుతూ వస్తున్నట్టు కనబడుతుంది. "అశ్శరభ శరభ!" అన్న కేక నీటి మీద తేలి ఇవతలికి చేరుతుంది. గంగలకుర్రు అగ్రహారం వీరేశ్వరుడి ప్రభ గట్టెక్కి, ఒక్క క్షణం ఊపిరి తీసుకున్నట్టు ఆగి, నీళ్లలోకి దిగుతుంది. మోసేవాళ్ల మోకాళ్లు మునుగుతాయి, నడుములు మునుగుతాయి, ఛాతీలు మునుగుతాయి. చివరికి తలలు, భుజాలు, ఆ భుజాల మీద దేవుడు. అడుగున బురద. ఎవరి కాలు ఎక్కడ పడుతోందో ఎవరికీ కనబడదు. ప్రభ మాత్రం అరిటాకు మీద నీటిబొట్టులా ఊగుతుందే తప్ప ఒరగదు.

ఏడేళ్ల వయసులో మా తాతయ్య భుజాలెక్కి దీన్ని మొదటిసారి చూశాను. ఇప్పటికీ ప్రభ నీళ్లలో దిగే ఆ క్షణాన నా గొంతు పట్టేస్తుంది.

మాది మామిడికుదురు. సంక్రాంతికి హైదరాబాదు నుంచీ బెంగళూరు నుంచీ దిగే చుట్టాలందరూ అడిగే మొదటి ప్రశ్న, "బాబాయ్, ఇక్కడ చూడాల్సినవేంటి?" చూపించడానికి నాకు బద్ధకం లేదు. పొద్దున్నే ఆదుర్రు తీసుకెళతాను. వైనతేయ పడమటి ఒడ్డున ఇటుకల బౌద్ధ స్తూపం ఉంది, పై నుంచి చూస్తే బండి చక్రంలా ఉంటుంది దాని పునాది. అశోకుడి కూతురు సంఘమిత్ర సింహళం వెళుతూ ఇక్కడ ఆగిందని మా పెద్దలు చెప్పుకునేవారు. అక్కడి నుంచి అప్పనపల్లి బాలబాలాజీ దర్శనం, గోదారి గాలి, అన్నప్రసాదం. తిరుగుదారిలో నగరం అనే ఊళ్లో ఆగి గరాజీలనే మిఠాయి కట్టించుకోవాల్సిందే. వాటి సంగతి రాయడం మొదలుపెడితే ఈ వ్యాసం అక్కడే ఆగిపోతుంది. సాయంత్రం గన్నవరం అక్విడక్టు. పంతొమ్మిదో శతాబ్దంలో కట్టిన 49 ఖానాల పాత వంతెన ఒకవైపు, డొక్కా సీతమ్మగారి పేరు పెట్టుకున్న కొత్తది ఇంకోవైపు. నది మీద కాలువ పారుతున్న ఆ వింత ముందు నిలబడి ఫోటో దిగనివాళ్లు లేరు.

ఇవన్నీ చూడాల్సినవే. ఏ రోజు వచ్చినా చూడొచ్చు, అవి కదలవు. కానీ మా సీమలో చూసి తీరాల్సినది ఏడాదికి ఒక్క పూటే కదులుతుంది. దాన్ని చూడాలంటే పాశర్లపూడి వంతెన దాటి, అమలాపురం మీదుగా అంబాజీపేట పోయి, అక్కడి నుంచి జనం వెంట నడిచి మొసలపల్లి శివారు జగ్గన్నతోట చేరాలి.

జగ్గన్నతోటలో గుడి లేదు, గోపురం లేదు. ఉన్నది కొబ్బరితోట. కనుమ నాడు పదకొండు ఊళ్ల శివుళ్లు అక్కడికి వచ్చి కూర్చుంటారు. ఏకాదశ రుద్రులు ఒక్కచోట కొలువుతీరేది అక్కడేనని మావాళ్ల నమ్మకం. వ్యాఘ్రేశ్వరం వ్యాఘ్రేశ్వరుడు, పుల్లేటికుర్రు అభినవ వ్యాఘ్రేశ్వరుడు, మొసలపల్లి మధుమానంత భోగేశ్వరుడు, ఇరుసుమండ ఆనంద రామేశ్వరుడు, వక్కలంక విశ్వేశ్వరుడు, పెదపూడి మేనకేశ్వరుడు, ముక్కామల రాఘవేశ్వరుడు, గంగలకుర్రు అగ్రహారం వీరేశ్వరుడు, ఇక గంగలకుర్రులో ఒకరు, నేదునూరులో ఒకరు, పాలగుమ్మిలో ఒకరు, ముగ్గురూ చెన్నమల్లేశ్వరులే. ఈ పేర్లు ఒక్క ఊపిరిలో చెప్పగలిగితే మా తాతయ్య బెల్లంముక్క పెట్టేవాడు. ఈ తీర్థానికి నాలుగొందల ఏళ్లంటారు కొందరు, ఇంకా పాతదంటారు ఇంకొందరు. నాకు ఆ లెక్కలతో పని లేదు. నిన్న మొదలైందని తేల్చినా నేను వెళతాను.

అక్కడి మర్యాదలు చూడండి. తోట ఉన్నది మొసలపల్లి పొలిమేరలో కాబట్టి భోగేశ్వరుడు ఇంటి యజమాని. అందరికంటే ముందొచ్చి చుట్టాలకి ఎదురుచూస్తాడు, అందర్నీ సాగనంపాకే కదులుతాడు. సభకు పెద్ద వ్యాఘ్రేశ్వరుడు. ఆయన ప్రభ తోటలో అడుగుపెట్టగానే అప్పటికే వచ్చి కూర్చున్న ప్రభలన్నిటినీ ఒక్కసారి భుజాలకెత్తుతారు. పెద్దాయన వస్తే అరుగు మీద కూర్చున్నవాళ్లు లేచి నిలబడరూ, అలాగన్నమాట. మనుషులు మరిచిపోతున్న మర్యాద దేవుళ్లు పాటిస్తున్నారు.

సరే, ప్రభ అంటే ఏమిటి? కోనసీమ బయటివాళ్లకు ఈ ప్రశ్న సహజం. అడుగున మోతకు తాటి శూలాలు. వాటి మీద టేకు చెక్క, వెదురు బొంగులతో చట్రం. ఆ చట్రం పైకి లేచి వెదురు బద్దలతో అర్ధచంద్రాకారంగా వంగుతుంది. దానికి ఎర్రటి, పసుపుపచ్చటి కొత్త బట్టలు చుడతారు, రంగు నూలు కుచ్చులు వేలాడదీస్తారు. నెమలి పింఛాలు, పూలు, ఆ ఏడు పండిన వరికంకులు, గంటలు. నడుమ ఉత్సవమూర్తి. నాలుగు పక్కలకూ మోకులు. సామాను జాబితా ఇంతే, ఏ ఊరి సంతలోనైనా దొరుకుతుంది.

దొరకనిది కట్టు.

వెదురుకు మేకు కొడితే ఏమవుతుందో పందిరి వేసిన ప్రతివాడికీ తెలుసు. నిలువునా చీలుతుంది. చీలకపోయినా, మేకు దిగినచోట కదలిక ఉండదు. మోసేవాళ్లు అడుగు మార్చినప్పుడల్లా పుట్టే కుదుపు ఎక్కడికో ఒకచోటికి పోవాలి కదా. మేకుంటే అది నేరుగా బొంగులోకి పోతుంది, బొంగు విరుగుతుంది. తాడు కట్టుంటే ఆ కుదుపును తాడు తాగేస్తుంది. ప్రతి కట్టూ ఇసుమంత సడలుతుంది, మళ్లీ తన చోటికొస్తుంది. చేలగట్ల మీద, బోదెల మీద, నీళ్లలో అంతదూరం వచ్చిన ప్రభ తోటలో దిగేసరికి చెక్కుచెదరకుండా ఉంటే, అది అక్కడక్కడా వందల కట్లు పంచుకు మోసిన పుణ్యం.

కట్టడం చూస్తే ఇంకా తెలుస్తుంది. రెండు బొంగులు అడ్డంగా కలిసేచోట ముందు ఇటు మూడు చుట్లు, అటు మూడు చుట్లు. తాడు మీద తాడు ఎక్కకూడదు, పక్కపక్కనే పడుకోవాలి. తర్వాత ఆ చుట్లకూ చుట్లకూ మధ్యలోంచి తాడు పోనిచ్చి, బొంగుల సందులో నడుము బిగించినట్టు బిగిస్తారు. ఆ బిగింపే ప్రాణం. కాలు బొంగుకు తన్నిపెట్టి, ఒంటి బరువంతా తాడు మీద వేసి లాగుతారు. ఒకాయన బిగించాక వేలితో మీటి చూసేవాడు. "పాడుతోందండి," అనేవాడు. ఆయనకు డెబ్భై దాటాయి, ఆయన కట్టింది విప్పాలంటే ఇద్దరు కుర్రాళ్లకి చెమటలు పట్టేవి. చివరి ముడి మాత్రం ఒక్క లాగుడుకి విడిపోయేలా వేసేవాడు. దేవుడు ఊళ్లోకి తిరిగొచ్చాక ప్రభ విప్పాలి కదా, కొయ్యాల్సిన ముడి వేసినవాడు పనివాడు కాడని ఆయన సిద్ధాంతం.

ఇక మోత. ప్రభను బలంతో మోస్తారనుకుంటారు చూసేవాళ్లు. బలం కావాలి, కానీ కావాల్సింది వినడం. ముందున్నవాళ్లకి దారి కనబడుతుంది, ప్రభ కనబడదు. వెనకున్నవాళ్లకి ప్రభ కనబడుతుంది, దారి కనబడదు. మధ్యలోవాళ్లకి పక్కవాడి మెడ తప్ప ఏమీ కనబడదు. అందర్నీ నడిపేది కేక, డప్పు. ఎత్తు మనుషుల్నీ పొట్టి మనుషుల్నీ ఎక్కడ నిలపాలో ముందే చూసుకోవాలి. గట్టు దిగేటప్పుడు ముందువాళ్లు శూలాన్ని భుజం మీంచి అరచేతుల మీదికి ఎత్తాలి, వెనకవాళ్లు మోకాళ్లు వంచాలి. ఎక్కేటప్పుడు సరిగ్గా తిరగేసి. నేల ఎన్ని వంకర్లు పోయినా దేవుడి పాదాల కింద మట్టం మారకూడదు.

మోకులు పట్టేవాళ్లని ఎవరూ ఫోటో తియ్యరు. నాకు మాత్రం వాళ్లే ముందు కనబడతారు. ప్రభ పైభాగం బట్ట చుట్టిన పెద్ద తెరచాప. పుష్యమాసపు గాలి ఎదురుగా తగిలితే వెనక్కి తోస్తుంది, వెనకనుంచి తగిలితే ముందుకు విసురుతుంది. గట్టు దిగేటప్పుడు ప్రభ ముందుకు వాలబోతుంది, అప్పుడు వెనక మోకు బిగియ్యాలి, ముందు మోకు వదలాలి. నీళ్లు దాటి అవతలి గట్టెక్కేటప్పుడు వెనక్కి వాలబోతుంది, అప్పుడు ముందు మోకు బిగియ్యాలి. ఆ మార్పు ప్రభ వాలాక చేస్తే ఆలస్యమైనట్టే. వాలబోతోందని తాడు చేతికి చెప్పాలి. తెరచాప పడవల మీద గోదారి తిరిగినవాళ్ల చేతుల్లో ఉండే విద్య ఇది. కౌశిక దాటించే గంగలకుర్రు, అగ్రహారం వాళ్లకి ఇందులో సాటి ఎవరూ లేరని నేను ఎక్కడైనా, ఎవరి ముందైనా చెబుతాను. మోకు పట్టినవాడు కూడా నీళ్లలోనే ఉంటాడు. అతని కాళ్లూ బురదలోనే కూరుకుపోతుంటాయి. ఆనుకోవడానికి చెట్టు లేదు, గుంజ లేదు. ఒక మనిషి ఇంకో మనిషిని ఆనుకుని, ఆ వరస మొత్తం తాడుని ఆనుకుని, తాడు దేవుణ్ని ఆనుకుని దాటతారు.

చేల గురించి కూడా చెప్పాలి. ప్రభ దారిలో పచ్చటి చేను అడ్డొస్తే చుట్టూ తిరిగిపోరు, చేలో పడి నడుస్తారు. ఆ రైతు కళ్లకద్దుకుంటాడు. రుద్రుడి పాదం పడ్డ చేను మరింత పండుతుందంటాడు. నష్టపరిహారం మాట ఆ ఒక్కరోజు మా సీమలో వినబడదు.

కోటప్పకొండ ప్రభల్ని తక్కువ చెయ్యను. శివరాత్రికి పల్నాడులో మిన్నంటే ఆ విద్యుత్ ప్రభల్ని రెండుసార్లు చూశాను, నోరు తెరుచుకుని చూశాను. ఎత్తులో వాళ్లతో పోటీ పడం. కానీ చక్రాల మీద కదిలేది వేరు, భుజాల మీద నడిచేది వేరు. చక్రానికి దారి కావాలి. భుజానికి అక్కర్లేదు. ఈ విషయంలో నాది పక్షపాతమంటే ఒప్పుకుంటాను, మార్చుకోను.

చక్రాల మీది పనితనానికి నేను దండం పెట్టింది మాత్రం ఒక్కచోటే. అది జపాన్‌లో ఉంది.

మా మేనల్లుడు ఒసాకాలో ఉద్యోగం చేస్తున్నాడు. 2023 జూలైలో నన్ను రమ్మన్నాడు. "మావయ్యా, క్యోటో చూపిస్తా" అన్నాడు. 794 నుంచి వెయ్యేళ్లకు పైగా జపాన్ చక్రవర్తుల రాజధాని ఆ ఊరు. బంగారు మందిరం, రాతి తోటలు, వేల ఎర్రటి తోరణాలున్న ఫుషిమి కొండ, పక్కనే టీ తోటల ఉజి, రైలెక్కితే గంటలోపు నారా. అన్నీ తిరిగాం, అన్నీ బాగున్నాయి. కానీ వాడికి తెలియకుండానే నన్ను తీసుకెళ్లాల్సిన రోజుల్లోనే తీసుకెళ్లాడు. షిజో అనే నడిబజారులో కాలు పెట్టేసరికి రోడ్డు మధ్యలో మనుషులు కర్ర దూలాలు నిలబెట్టి తాళ్లు చుడుతున్నారు. నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. మిగతా ఊరంతా తర్వాత చూశాను.

గియోన్ పండగ అది. 869లో దేశంలో మహమ్మారి ప్రబలితే, శాంతి కోసం అప్పటి జపాన్‌లోని 66 రాజ్యాల లెక్కన 66 ఈటెలు నిలబెట్టి పూజ చేశారట. అదే పెరిగి పెరిగి వీధికొక రథమైంది. ఇప్పుడు జూలై 17న 23 రథాలు, 24న 11 రథాలు ఊరేగుతాయి. హొకో అనే పెద్ద రథాలు పై కొన దాకా సుమారు 25 మీటర్లు, బరువు 12 టన్నుల దాకా ఉంటాయి. ఇంతటి రథం చట్రంలో మేకు ఉండదు. తాడే. ఏం తాడనుకున్నారు? వరిగడ్డి తాడు! మన గడ్డివాము తాడు! ఆ తాడు పట్టుకు చూశాక నాకు ఆ ఊరు పరాయిదనిపించలేదు.

అక్కడి కట్లకి పేర్లున్నాయి. ఒకదాన్ని ఆడ సీతాకోకచిలుక అంటారు, ఇంకోదాన్ని రొయ్య అంటారు. దూలాల చుట్టూ వందల చుట్లు తిరిగి, నడుమ బిగించేసరికి నిజంగానే రెక్కలు విప్పిన సీతాకోకచిలుకలా ఉంటుంది. రథం కదిలేటప్పుడు ఆ కట్లు కిర్రుమంటాయి, కుదుపు తాగుతాయి. నేను ఇందాక చెప్పిన లెక్కే. కట్టేవాళ్లు వేరు, వడ్రంగులు వేరు, చక్రాలు చూసేవాళ్లు వేరు. ఎవరి పని వాళ్లది. ఒక ముసలాయన కట్టు బిగించి, పక్కనున్న కుర్రాడి చేత విప్పించి మళ్లీ కట్టించాడు. మళ్లీ విప్పించాడు. నేను అరగంట అక్కడే నిలబడ్డాను. వాళ్ల భాష నాకు ఒక్క ముక్క రాదు, కానీ ఆయన ఆ కుర్రాడితో ఏమంటున్నాడో నాకు తెలుసు. "తాడు మీద తాడు ఎక్కకూడదు రా" అంటున్నాడు.

ఊరేగింపు నాడు నాలుగు రోడ్ల కూడలిలో మలుపు చూడాలి. ఆ చక్రాలు పక్కకి తిరగవు. చీల్చిన పచ్చి వెదురు బద్దలు ముందు చక్రాల కింద పరుస్తారు, నీళ్లు పోస్తారు. రథం ముందు విసనకర్రలు పట్టుకు నిలబడ్డవాళ్లు కేక వేసి చెయ్యి విసిరేసరికి, తాళ్లు పట్టిన యాభైమందీ ఒక్కసారిగా పక్కకి లాగుతారు. పన్నెండు టన్నులు తడి వెదురు మీద జారుతుంది. మూడు నాలుగు లాగుళ్లలో మలుపు పూర్తి. చప్పట్లు మోగిపోయాయి. నా పక్కనున్న జపాను ముసలావిడ కళ్లు తుడుచుకుంది, నేనూ తుడుచుకున్నాను.

ఆ రథాల ఒంటి మీద ప్రపంచమంతా ఉంది. పదహారో శతాబ్దంలో ఐరోపాలో నేసిన తెరలు, మన దేశపు తివాచీలు. త్సుకిహొకో అనే రథానికి కప్పు లోపలివైపు పూలమొక్కలు చిత్రించినవాడు మరుయమ ఓక్యో, పద్దెనిమిదో శతాబ్దపు మహా చిత్రకారుడు. తలెత్తి చూసినవాడికే కనబడే చోట అంత గొప్ప బొమ్మ వేశాడు! పండగ ముందు సాయంత్రాలు ఆ వీధుల్లోని పాత ఇళ్లవాళ్లు తలుపులు తీసి, తాతల నాటి చిత్రాల తెరలు దారినపోయేవాళ్లకి చూపిస్తారు. చూడ్డానికి వచ్చినవాడు గౌరవంగా చూస్తాడు, చూపించేవాడు గౌరవంగా చూపిస్తాడు.

నన్ను అన్నిటికంటే కదిలించింది ఓఫునెహొకో, ఓడ ఆకారపు రథం. 1864లో నగరం తగలబడ్డప్పుడు అది చాలావరకు కాలిపోయింది. ఆ వీధివాళ్లు మిగిలిన దేవుడి వస్తువుల్ని దాచుకుని, పండగకి బయట పెట్టి పూజ చేసుకుంటూ వచ్చారు. 2014లో రథం కట్టి మళ్లీ లాగారు. నూటయాభై ఏళ్లు! కట్టేవాళ్లూ పోయారు, చూసినవాళ్లూ పోయారు, ఆశ మాత్రం పోనివ్వలేదు. తకయమ అనే మరో రథం 196 ఏళ్ల తర్వాత 2022లో ఊరేగింపులోకి తిరిగొచ్చింది. ఇంకో సంగతి. ట్రాఫిక్ అనీ, టూరిస్టులకి సౌకర్యమనీ 1966లో 24వ తేదీ ఊరేగింపుని 17వ తేదీలో కలిపేశారు. 2014లో దాన్నీ విడదీసి, పాత పద్ధతికి తెచ్చుకున్నారు. ఒక పెద్ద నగరం, నడిబొడ్డున, బస్సులు ఆపి, తాను పోగొట్టుకున్నది తిరిగి తెచ్చుకుంది. 2009లో యునెస్కో గుర్తింపు వచ్చింది వాళ్లకి. రాదూ మరి!

ఇప్పుడు మన సంగతి. ఇక్కడ నా నోరు అదుపులో ఉండదు, క్షమించాలి.

కొన్నేళ్ల కిందట మా చుట్టుపక్కలే ఒక ఊరి తీర్థానికి వెళ్లాను. ప్రభ దూరం నుంచి ధగధగలాడుతోంది. దగ్గరికెళితే ఇనుప గొట్టాలు, వెల్డింగ్ చట్రం. బట్ట లేదు, ఫ్లెక్సీ ఉంది. వరికంకులున్నాయి, ప్లాస్టిక్‌వి. వరి పండే ఊళ్లో, కోత కోసి నెల తిరగకుండా, ప్లాస్టిక్ వరికంకులు! మోసేవాళ్లు లేరు, ట్రాక్టరు ఉంది. డప్పులున్నచోట డీజే బాక్సులు. ఆ చప్పుడుకి గుండె అదిరింది తప్ప మనసు కదల్లేదు. ట్రాక్టరు కుదుపుకి చట్రం బిగుసుకుని ఒక్కలా వణుకుతోంది. ఊగడం లేదు. ప్రభ ఊగాలి! ఊగని ప్రభ సైన్‌బోర్డు. కమిటీ కుర్రాణ్ని అడిగాను, "ఏం బాబూ, కట్టేవాళ్లు లేరా?" "ఆయ్, ఇదైతే ఏటేటా కట్టక్కర్లేదండి, షెడ్డులో పెట్టేస్తాం," అన్నాడు.

ఏటేటా కట్టక్కర్లేదు. వాడు సుఖమనుకున్నదే అసలు చావు. ఏటేటా విప్పి ఏటేటా కడితేనే ముడి ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి వెళ్తుంది. క్యోటోలో ఊరేగింపు ముగిసి వీధికి రాగానే పెద్ద రథాల్ని అదే రోజు విప్పెయ్యడం మొదలుపెడతారు. మూడు రోజులు చెమటోడ్చి కట్టింది మళ్లీ దూలాలూ తాళ్లూ అయిపోతుంది. షెడ్డు కట్టుకోలేక కాదు, వాళ్లకి డబ్బు లేకా కాదు.

అసలు దెబ్బ ఎక్కడ తగిలిందో కూడా చెబుతాను. ప్రభ కట్టే విద్య ప్రభ కోసమే పుట్టలేదు. తాటాకు పాక నేసినవాడు, పెళ్లికి పందిరి వేసినవాడు, వాము చుట్టూ తాడు బిగించినవాడు, పడవకి కొయ్య నిలబెట్టినవాడు, కొబ్బరి పీచు వడికి మోకు పేనినవాడు, వీళ్లందరి రోజువారీ చేతిపని కనుమ నాడు దేవుడి దగ్గరికొచ్చేది. ఏడాదంతా సాధన, ఒక్కరోజు కచేరీ. పాకలు పోయి డాబాలొచ్చాయి, మంచిదే, ఎండావానల్లో పాకలో ఉండమని ఎవర్నీ అనను. పందిరి పోయి షామియానా వచ్చింది. వాములు పోయి మిషను కోతలొచ్చాయి. అంబాజీపేట పక్కనే ఉండి, కొబ్బరి పీచు గుట్టలుగా పడి ఉండే సీమలో నైలాన్ తాడు కొంటున్నాం. నైలాన్ తాడు జారుతుంది, సాగుతుంది, అరచెయ్యి కోస్తుంది. పీచు మోకు గరుకుగా ఉండి చేతిని పట్టుకుంటుంది. ముడులు తెలిసిన చేతులు ఊరికి నాలుగైదు మిగిలి ఉంటే ఎక్కువ. ఆ చేతులు ఎవరివి? పేరు రాయించుకోనివాళ్లవి, కూలికి పోయేవాళ్లవి. ఫ్లెక్సీల మీద చందాలిచ్చినవాళ్ల ఫోటోలుంటాయి. కట్టు కట్టినవాడి ఫోటో నేను ఒక్కచోటా చూడలేదు.

2023 జనవరి 26న ఢిల్లీ కర్తవ్యపథ్‌లో ఆంధ్రప్రదేశ్ శకటంగా ప్రభల తీర్థం నడిచింది. టీవీ ముందు మా ఇంటిల్లిపాదీ లేచి నిలబడ్డాం. ఆనందానికి హద్దు లేదు. కానీ నున్నటి రోడ్డు మీద బండెక్కి వెళుతున్న ఆ ప్రభను చూస్తుంటే లోపల ఒక ముల్లు గుచ్చుకుంది. దేశం చూడాల్సింది అది నీళ్లు దాటడం కదా. బురదలో మునిగిన ఆ కాళ్లు కదా.

చూడ్డానికి వచ్చేవాళ్లకి కూడా ఒక మాట. కౌశిక గట్టు మీద ఇప్పుడు ఫోన్లు ఎత్తిన చేతులే కనబడుతున్నాయి. ప్రభ దాటే ఆ కాసేపూ అందరూ తెరలో చూస్తున్నారు, ఎదురుగా ఉన్నదాన్ని వదిలేసి. పోయినసారి ఒక డ్రోను ప్రభ పైన తేనెటీగలా రొదపెడుతూ తిరిగింది. నీళ్లలో ఉన్నవాళ్లకి కేక వినబడాలి, డప్పు వినబడాలి. వాళ్లని నడిపేది చెవి. ఆ డ్రోను ఎగరేసినాయనకి ఆ సంగతి తెలిసి ఉంటే ఎగరేసేవాడు కాడనే అనుకుంటాను.

పదకొండు ఊళ్ల కమిటీలవారినీ, పెద్దలనీ చేతులు జోడించి అడుగుతున్నాను. ఇనుప చట్రాన్ని ఊళ్లోకి రానివ్వకండి. కట్టు తెలిసిన ప్రతి పెద్దాయన పక్కనా ఈ ఏడు ఒక పద్నాలుగేళ్ల కుర్రాణ్ని కూర్చోబెట్టండి, క్యోటో ముసలాయనలా కట్టించి, విప్పించి, మళ్లీ కట్టించండి. కట్టేవాళ్లకి కొత్తబట్టలు పెట్టండి, మైకులో వాళ్ల పేరు చదవండి. మన కట్లకీ పేర్లుండాలి. జపాను వాళ్లు రొయ్య అని పేరు పెట్టుకుంటే, రొయ్యలు పెంచే మనం ఊరుకుంటామా? మోకులు మన పీచుతోనే పేనించండి. ఫోన్లలో తియ్యాలనుకునే కుర్రాళ్లు ఆ చేతుల్ని తియ్యండి, వేళ్లు ఎటు తిరుగుతున్నాయో కనబడేలా తియ్యండి. ఒక్కో కట్టూ మొదలు నుంచి చివరి దాకా.

ఊళ్లకి వచ్చే చుట్టాలకి కూడా దారి మార్చి చెబుతున్నాను. కనుమ మధ్యాహ్నానికి కార్లలో దిగి, జగ్గన్నతోటలో పదకొండు ప్రభల ముందూ సెల్ఫీ దిగి, చీకటిపడకముందే వెళ్లిపోకండి. ఆదుర్రు, అప్పనపల్లి, గన్నవరం తర్వాత చూసుకోవచ్చు. ముందే రండి, ఏదో ఒక ఊళ్లో ప్రభ కడుతున్న రోజున రండి. గుడి ముందు వెదురు పరిచి ఉంటుంది. ఎవర్నీ అడగక్కర్లేదు, పక్కన కూర్చోండి. కాసేపటికి ఎవరో ఒక పెద్దాయన తల ఎత్తకుండానే మీ వైపు మోకు విసిరి, "బాబూ, ఆ కొస కాస్త పట్టుకోండి" అంటారు.

చెప్పులు విడిచి పట్టుకోండి. ఆయన కాలు తన్నిపెట్టి లాగుతారు, మీరు జారకూడదు.